తరగని మూట

మా దీవిలో విమానాశ్రయమంటే
ఒక తారు చార, ఒక ఎర్ర గాలిసంచి, నా త్రాసు.
పద్దెనిమిదేళ్లుగా మనుషుల్ని తూస్తున్నాను.
గున్వోర్ దగ్గర మొహమాటం చెల్లదు,
బూట్లతో సహా ఎక్కాలి,
కోటు జేబులో నములుతూ దాచిన ఎండుచేపతో సహా.

ఇవాళ కొత్త విమానం దిగింది.
దిగినట్టు నాకు తెలియనే లేదు.
చప్పుడుకు చెదిరిపోయే గొర్రెలు
మంచు గోకి గడ్డి వెతుక్కుంటూనే ఉన్నాయి.
కిటికీలో కాఫీ కప్పు వణకలేదు.
కిరోసిన్ వాసన లేదు.
నా ముక్కు కాసేపు
తాళంచెవి పోగొట్టుకున్న దానిలా తడుముకుంది.

కొండమీంచి దూకే మా వాగు
తీగలో పడి, పాకి, ఈ రెక్కలోకి ఎక్కి
మళ్లీ ఆ కొండ మీదుగానే ఎగురుతుందట.
తలుచుకుంటే నవ్వొచ్చింది.
నీళ్లు పైకి పోవడం ఇన్నేళ్లకి చూస్తున్నాను.

"ఎంతమంది?" అన్నాను.
"నలుగురు. పెట్టెలు వద్దు," అంది యోరున్,
పసిపిల్లకి జ్వరం చూసినట్టు
బ్యాటరీ మూత మీద అరచెయ్యి ఆనించి.
పాతది తొమ్మిది మందినీ, టపానూ,
ఒకసారి ఒక కుట్టుమిషన్నీ మోసింది.

ఐలిఫ్ కాడ్ చేపల పెట్టె ఇరవై రెండు కిలోలు.
వెనక్కి నెట్టాను.
"నా చేపకంటే కరెంటు బరువా?"
"బరువే."

యోరున్ నాకు అర్థమయ్యేట్టు చెప్పింది.
పాత విమానం సద్దిమూటతో బయల్దేరిన బాటసారి.
తిన్నకొద్దీ భుజం తేలిక.
దీని మూట వేరు.
అంతా తినేశాక కూడా
మూట బరువు మూటదే,
ఖాళీని నిండుదానిలాగే మోసుకుంటూ దిగాలి.

నాకది కొత్తేమీ కాదు.
హల్దిస్ మొగుడు సముద్రంలో పోయిన వారం
ఆవిడ ఈ త్రాసెక్కింది.
ముల్లు ఎప్పుడూ ఆగే చోటే ఆగింది.

సున్నాకి పన్నెండు కింద చలి.
ఎగరకముందే చలి తన వాటా తినేసింది.
ఇంకో అరగంట కరెంటు ముట్టుకోకూడదు,
దేవుడికి ముడుపు కట్టిన డబ్బులా పక్కన పెట్టాలి.
మిగిలిన దాంతో
నలభై కిలోమీటర్ల నీళ్లు దాటాలి.

హల్దిస్ ఎక్కింది. ఓయ్‌స్టైన్ ఎక్కాడు,
వారానికి మూడుసార్లు ఆవలి ఒడ్డున
రక్తం కడిగించుకునే మనిషి.
టీచరు, టీచరు కొడుకు.
తెల్లచుక్క లేచింది, మబ్బులో కరిగింది.

ఇరవై నిమిషాలకి అదే చుక్క అదే మబ్బులోంచి.

"ఎదురుగాలి," అంది యోరున్. అంతే అంది.
ముడుపు మీద చెయ్యి పడేలోపు తిప్పేసింది.
ఓయ్‌స్టైన్ కోసం పడవకి ఫోన్ చేశాను,
మూడు గంటల ప్రయాణం, అలలు.
తిడతాడనుకున్నాను.
టోపీ సర్దుకుంటూ అన్నాడు:
"హల్దిస్ ఇంత మాట్లాడుతుందని తెలీదు.
ఇరవయ్యేళ్లు పక్కసీటే.
ఆ పాత ఇంజన్లు ఒక్క ముక్క విననిచ్చాయా!"

అందరూ పోయాక
నమ్మకం చాలక
మూడు చక్రాల కింద మూడు త్రాసులు పెట్టాను.
పోయినప్పుడెంతో వచ్చినప్పుడంతే.
పుస్తకంలో రాసి, సంతకం పెట్టి,
తీగ తగిలించాను.
వాగు మళ్లీ ఎక్కడం మొదలెట్టింది, చప్పుడు లేకుండా.

ఐలిఫ్ ఇంకా పెట్టె మీదే కూర్చున్నాడు.
"రేపైనా ఎక్కుతుందా?"
"ఎండబెట్టుకు రా. తేలికవుతుంది.
దీనికింకా రాని విద్య నీ చేపకి వచ్చు."
కొయ్యదండేల వైపు చూసి వేళ్లు మడిచాడు.
"మే నెల దాకా పడుతుంది."

"దీనికీ పడుతుంది," అన్నాను,
రెక్క మీది మంచు
చేతిగుడ్డతో దులుపుతూ.